లాల్‌బాగ్ బండ మీద మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు: భూమి లోపలి బలాలు, మన కాళ్ల కింది నేల

నెలకో ఆదివారం పొద్దున్నే ఆరున్నరకి కొన్ని తెలుగు కుటుంబాలం బెంగళూరు లాల్‌బాగ్ తోటలోని బండ దగ్గర కలుస్తాం. మారతహళ్లి, హోరమావు, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వస్తారు. ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ వాళ్లు, వాళ్ల పిల్లలు, ఊళ్ల నుంచి వచ్చిన అమ్మానాన్నలు. నేను జియాలజీ చదివి వేరే ఉద్యోగంలో స్థిరపడినవాడిని, రాళ్ల పిచ్చి మాత్రం వదల్లేదు. ప్రతిసారీ అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇది ఉత్త బండే కదా, ఇందులో చూడ్డానికి ఏముంది?

పైన కెంపేగౌడ గోపురం దగ్గర ఫోటో దిగి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఒక్కసారి కూర్చుని రాయి మీద చెయ్యి పెట్టి చూడండి. బూడిద రంగు మీద తెల్ల చారలు, నల్ల చారలు. గోధుమపిండిలో రాగిపిండి కలిపి, సగం పిసికి వదిలేసిన ముద్దలా ఉంటుంది. చారలు తిన్నగా పోవు, వంకర్లు తిరుగుతాయి, అక్కడక్కడా మడతలు పడతాయి. ఈ రకం రాయి పేరు నైస్ (gneiss). వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ప్రకటించింది.

రాయి ఇలా పిండిముద్దలా మడతలు పడాలంటే చాలా వేడి, చాలా ఒత్తిడి కావాలి. అవి దొరికేది భూమి లోపలే. అంటే మీరు కూర్చున్న ఈ రాయి ఒకప్పుడు పది కిలోమీటర్లకు పైగా లోతులో ఉండేది. దాని పైనున్న రాయంతా కోట్ల ఏళ్లలో అరిగి, కొట్టుకుపోయి, ఇది బయటపడింది. ఎప్పుడో ఇక్కడ నిలబడిన కొండల అడుగుభాగం మీద మనం ఇడ్లీ డబ్బా విప్పుకుంటున్నాం.

చారల్ని అడ్డంగా కోస్తూ పోయే లేత రంగు గీతలు కూడా కనిపిస్తాయి. ఏది ముందు, ఏది తర్వాత అని పిల్లల్ని అడుగుతాను. కోసింది చిన్నది, కోయించుకున్నది పెద్దది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సగం జియాలజీ వచ్చినట్టే.

‘లోపలి బలాలు’ అంటారు కదా, ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది?

వేడి నుంచి. భూమి పుట్టి సుమారు 454 కోట్ల ఏళ్లయింది. పుట్టినప్పటి వేడి ఇంకా పూర్తిగా చల్లారలేదు. దానికి తోడు రాళ్లలో ఉన్న యురేనియం, థోరియం, ఒక రకం పొటాషియం మెల్లగా విచ్ఛిన్నమవుతూ కొత్త వేడి పుట్టిస్తూనే ఉన్నాయి. ఈ వేడి బయటికి పోవాలి. అది పోయే దారిలోనే ఖండాలు కదులుతాయి, కొండలు లేస్తాయి, నేల కంపిస్తుంది.

ఇక్కడ ఒక అపోహ. పైన సన్నటి పెంకు, లోపలంతా కుతకుతలాడే లావా అనుకుంటారు చాలామంది. కాదు. మన కింద 35, 40 కిలోమీటర్ల మందాన భూపటలం ఉంది. దాని కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్నది ప్రావారం. అది దాదాపు అంతా గట్టి రాయే. కానీ గట్టి రాయి కూడా అంత వేడిలో, అంత ఒత్తిడిలో, కోట్ల ఏళ్ల గడువిస్తే పారుతుంది. రోడ్డు మీద తారు చూడండి. గుద్దితే గట్టిగానే ఉంటుంది, మే నెల ఎండకి మాత్రం బస్సులు ఆగే చోట మెల్లగా జరిగి గుబ్బలు కడుతుంది. నిజంగా ద్రవంగా ఉండే పొర ఇంకా కింద ఉంది. అది కరిగిన ఇనుము, 2,900 నుంచి 5,150 కిలోమీటర్ల మధ్య. దాని లోపల మళ్లీ గట్టి గుండు.

భూమి పైపొర పెద్ద పెద్ద ముక్కలుగా ఉంది, వాటినే పలకలంటారు. వాటిని నడిపించే అసలు లాగుడు మరోచోట ఉంది. సముద్రం కింది పలక పాతబడి, చల్లబడి, బరువెక్కి, ఒక అంచు నుంచి లోపలికి మునిగిపోతుంది. తడి దుప్పటి మంచం అంచు నుంచి జారుతూ మిగతాదాన్ని కూడా లాక్కుపోయినట్టు, ఆ మునిగే అంచు పలక మొత్తాన్ని లాగుతుంది. కింద నుంచి వేడి తోసేస్తోందని చెప్పే పాత బొమ్మల కంటే ఈ దుప్పటి బొమ్మే నిజానికి దగ్గర.

లోపలికి ఎవరూ వెళ్లలేదు కదా, ఇదంతా ఎలా తెలిసింది?

బాగా అడిగారు. మనిషి తవ్విన అతి లోతైన రంధ్రాల్లో పేరుమోసినది రష్యాలోని కోలా బోరు. 1989 నాటికి 12,262 మీటర్లు. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు. జామకాయకి గోరు గీరు పెట్టినంత కూడా కాదు.

తెలిసింది కుండ బేరం పద్ధతిలో. కొనేముందు కుండని తట్టి, మోతని బట్టి పగులుందో లేదో చెప్పేస్తారు కదా. భూమిని తట్టేది భూకంపం. ఈ కథలో మన దేశానికి పెద్ద వాటా ఉంది. 1897లో షిల్లాంగ్ పీఠభూమి కంపించినప్పుడు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసే రిచర్డ్ ఓల్డ్‌హామ్ ఆ రికార్డులు పరిశీలించి, తరంగాలు ఒకటి కాదు, వేర్వేరు వేగాలతో వేర్వేరు రకాలు వస్తున్నాయని గుర్తించాడు. అవి భూమి నడిబొడ్డు గుండా వచ్చేటప్పుడు తేడాగా నడుస్తున్నాయని చూసి 1906లో లోపల వేరే గుండు ఉందని చెప్పాడు. 1936లో డెన్మార్క్‌కి చెందిన ఇంగే లేమాన్ ఆ గుండు లోపల ఇంకో గుండు ఉందని తేల్చింది. ఈ తరంగాల్లో ఒక రకానికి ద్రవం గుండా పోవడం చేతకాదు. బయటి గుండు ద్రవమని పట్టిచ్చింది అదే.

మనకి దగ్గర్లోనే, హిందూపురం పక్కనున్న గౌరిబిదనూరులో 1960ల నుంచి భూకంప తరంగాలు పట్టే పరికరాల వరస ఉంది. ప్రపంచంలో ఎక్కడ అణుపరీక్ష జరిగినా వినడం దాని ముఖ్యమైన పని. వేరుశనగ చేల మధ్య నుంచి అంత దూరపు చప్పుడు వింటున్నారంటే నాకు ఇప్పటికీ గమ్మత్తుగానే ఉంటుంది.

బెంగళూరు కూడా కదులుతోందా?

కదులుతోంది. ఐఐఎస్‌సీ ఆవరణలో ఉన్న జీపీఎస్ స్టేషన్ లెక్కల ప్రకారం ఏటా దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి. మన గోళ్లు పెరిగే వేగానికి కాస్త ఎక్కువ. నేను 2004లో ఈ ఊరికి వచ్చాను. అప్పటి నుంచి ఊరూ నేనూ కలిసి మీటరు పైనే జరిగాం, అద్దె మాత్రం అంతకంటే వేగంగా జరిగింది. మనకి తెలియకపోవడానికి కారణం సులువు. కాచిగూడ బండిలో పై బెర్తు మీద పడుకున్నవాడికి, పక్క బెర్తు కూడా అదే వేగంతో వస్తుంటే, కదలిక ఏం తెలుస్తుంది?

ఈ ప్రయాణం చాలా పాతది. మన ద్వీపకల్పం, ఆఫ్రికా, మడగాస్కర్, అంటార్కిటికా, ఆస్ట్రేలియా ఒకప్పుడు కలిసే ఉండేవి. ఆ మహాఖండం పేరు గోండ్వానా, మన గోండుల నేల పేరే. మన తూర్పు కనుమలకి అప్పట్లో ఆనుకుని ఉన్నది అంటార్కిటికా. విశాఖ వాళ్లకి ఇది చెప్తే ఒక్క క్షణం బీచ్ రోడ్డుని వేరేగా చూస్తారు. మడగాస్కర్ విడిపోయింది సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట. అప్పటి లావా ఉడుపి దగ్గర సెయింట్ మేరీస్ దీవి మీద పలకల పలకల స్తంభాలుగా గట్టిపడి ఉంది. ఆ తర్వాత మన పలక వేగం పుంజుకుని ఉత్తరానికి పరిగెత్తి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాని గుద్దింది. ఆ గుద్దుడికి లేచినవే హిమాలయాలు.

ఖండాలు కదులుతాయని 1912లో ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ చెప్తే పెద్దలు చాలామంది కొట్టిపారేశారు. ఏ బలం కదిలిస్తోందో ఆయన సరిగ్గా చెప్పలేకపోయాడు, ఆ మాట నిజమే. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు. సముద్రం అడుగున కొత్త నేల పుడుతోందన్న రుజువులు దొరికి 1960లలో అందరూ ఒప్పుకునేసరికి ఆయన లేడు.

మా ఇంట్లో పూజలో సాలగ్రామం ఉంది. అది సముద్రపు జీవి అంటున్నారు, నిజమేనా?

ఈ ప్రశ్న ఎప్పుడూ కాస్త మొహమాటంగా, పక్కకి పిలిచి అడుగుతారు. అవును, నిజమే. నేపాల్‌లో గండకీ నది తెచ్చే ఆ నల్లరాళ్లలోని చక్రం గుర్తు అమ్మోనైట్ అనే జీవి గుల్ల ముద్ర. కోట్ల ఏళ్ల కిందట భారతానికీ ఆసియాకీ మధ్య టెథిస్ అనే సముద్రం ఉండేది. దాని అడుగు బురదలో కూరుకుపోయిన గుల్లలు రాయిగా మారాయి. రెండు నేలలు గుద్దుకున్నప్పుడు ఆ సముద్రపు అడుగే మడతలు పడి పైకి లేచింది. అలా సముద్రపు జీవి హిమాలయాల ఎత్తుకి చేరి, నదిలో దొర్లి నునుపెక్కి, మీ పూజగదికి వచ్చింది. ఎవరెస్టు శిఖరం కొసన ఉన్నది కూడా సముద్రంలో పేరుకున్న సున్నపురాయే.

మా నాయనమ్మ సాలగ్రామానికి రోజూ పాలతో అభిషేకం చేసేది. ఈ సంగతి చెప్పాక కూడా చేసింది, ‘సముద్రంలోంచి రాకపోతే విష్ణువు ఇంకెక్కడి నుంచి వస్తాడ్రా’ అంటూ. నా దగ్గర తిరుగు జవాబు లేదు.

హిమాలయాలు ఇంకా పెరుగుతున్నాయా?

పెరుగుతున్నాయి, అరుగుతున్నాయి కూడా. గుద్దుడు ఆగలేదు. అక్కడ భూకంపాలు ఎక్కువ కావడానికి కారణం అదే.

బెంగళూరులో పెద్ద భూకంపం వస్తుందా? కొత్త ఫ్లాట్ కొన్నాం, టెన్షన్‌గా ఉంది.

2002 నాటి భూకంప జోన్ల పటంలో బెంగళూరు ఉన్నది జోన్ 2లో, అంటే అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న వర్గంలో. మనం పలక అంచు మీద లేం, నడిమధ్యలో ఉన్నాం. కానీ తక్కువ అంటే అసలు లేదని కాదు. ఇక్కడ రియల్ ఎస్టేట్ వాళ్లు చెప్పే ‘దక్కన్ పీఠభూమి రాయిలాంటిది సార్, కదలదు’ అనే మాట నమ్మకండి. మహారాష్ట్ర లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో కూడా అందరూ అదే అనుకున్నారు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున, వినాయక నిమజ్జనం ముగించుకుని జనం పడుకున్న వేళ, 6.2 తీవ్రతతో నేల కంపించింది. దాదాపు 10,000 మంది పోయారు. చంపింది ఎక్కువగా ఇళ్లే. మట్టిలో పేర్చిన బరువైన రాతి గోడలు నిద్రపోతున్నవాళ్ల మీద పడ్డాయి.

మన వైపు కూడా ఉన్నాయి. 1967లో ఒంగోలు దగ్గర, 1969లో భద్రాచలం దగ్గర ఐదు పాయింట్లు దాటిన భూకంపాలు వచ్చాయి. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినది హైదరాబాద్ దాకా తెలిసింది. హిమాలయాల దగ్గర జరిగే తోపులాట ఒత్తిడి పలక మొత్తం మీదా పాకుతుంది, ఎక్కడైనా పాత పగులు బలహీనంగా ఉంటే అక్కడ ఎప్పుడో ఒకసారి తెగుతుంది. ఎప్పుడు, ఎక్కడ అని ముందే చెప్పగలిగినవాళ్లు ఇప్పటిదాకా లేరు. వాట్సాప్‌లో తేదీతో సహా వచ్చినా సరే.

ఫ్లాట్ గురించైతే, అడగాల్సింది నేల గురించి కాదు. భూకంపాల కోడ్ ప్రకారం డిజైన్ చేశారా, కింద పార్కింగ్ అంతస్తులో గోడల్లేకుండా ఉత్త స్తంభాలే ఉంటే వాటిని తగినంత బలంగా కట్టారా, పూడ్చిన చెరువు మీద కట్టారా అని అడగండి. ఈ ఊళ్లో మూడో ప్రశ్న ముఖ్యం.

2020లో పెద్ద శబ్దం వచ్చింది కదా, అది భూకంపం కాదా?

కాదు. లాక్‌డౌన్‌లో, మే 20 మధ్యాహ్నం. అప్పుడు నేను పెరుగన్నం కలుపుకుంటున్నాను. కిటికీ అద్దాలు గిలగిలలాడాయి, స్టాండులో గిన్నెలు మోగాయి. పక్కింటి ఆంటీ చెప్పుల్లేకుండా కిందికి పరిగెత్తారు. తర్వాత రక్షణ శాఖ చెప్పింది, అది శబ్ద వేగం దాటిన వైమానిక దళ విమానం చప్పుడని. తేడా ఇలా పట్టొచ్చు: ఒక్కసారి ‘ఢాం’ అని అద్దాలు అదిరితే చాలావరకు గాలిలోంచి వచ్చింది. కాళ్ల కింది నుంచి మొదలై, కొన్ని సెకన్లు సాగి, ఫ్యాన్ ఊగుతూ ఉండిపోతే నేలలోంచి వచ్చింది.

ఇన్ని బోర్లు వేస్తున్నాం, మెట్రో సొరంగాలు తవ్వుతున్నాం. దానివల్ల భూకంపాలు రావా?

వెయ్యి అడుగుల బోరు అంటే 300 మీటర్లు. 35 కిలోమీటర్ల మందం ముందు అది సూదిమొన గుచ్చినట్టు. బోర్ల బాధ నీళ్లు అయిపోవడం, భూకంపం కాదు. మెట్రో అంతకంటే పైపైనే ఉంటుంది. అయినా ఒక సంగతి. మన బోర్లలో నీళ్లు పడేది ఈ గట్టి రాయి పగుళ్లలోనే, ఆ పగుళ్లలో చాలావాటిని చేసింది ఆ లోపలి బలాలే. పక్కింటి బోరులో పడి మీ బోరులో పడలేదంటే పగులు మీ వైపు రాలేదన్నమాట. కొబ్బరికాయ తిప్పేవాళ్లకి ఇచ్చే డబ్బు సంగతి నేను మాట్లాడను.

మనిషి చేతలకి నేల కదలదని కాదు. 1967లో మహారాష్ట్రలోని కొయినా డ్యాం దగ్గర వచ్చిన భూకంపానికి జలాశయంలోని నీటి భారంతో, రాళ్ల పగుళ్లలోకి దిగిన నీటి ఒత్తిడితో సంబంధం ఉందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇక మనకి రెండు గంటల దూరంలో కోలారు బంగారు గనులు. 2001లో మూతపడేనాటికి 3 కిలోమీటర్లకు పైగా లోతు. అడుగున రాయి వేడి అరవై డిగ్రీలు దాటేది. అంత లోతులో రాయిని ఖాళీ చేస్తే, చుట్టూ ఉన్న రాయి ఒత్తిడి తట్టుకోలేక బాంబులా పగిలేది. దాన్ని రాక్ బరస్ట్ అంటారు. ఆ అదురు పైన కాలనీ ఇళ్లలోకి కూడా తెలిసేదని అక్కడ పనిచేసిన పెద్దలు చెప్తారు.

నంది కొండ, సావనదుర్గ అగ్నిపర్వతాలా?

కావు. సావనదుర్గ, రామనగర కొండలది క్లోజ్‌పేట గ్రానైట్, 250 కోట్ల ఏళ్లది. క్లోజ్‌పేట అంటే రామనగర పాత పేరే. శిలాద్రవం పైకి రాకుండా లోపలే మెల్లగా చల్లారి గట్టిపడితే గ్రానైట్ అవుతుంది, అందుకే అంత లావు గింజలు. ఈ గ్రానైట్ పట్టీ ఉత్తరంగా పావగడ వైపు దాటి పోతుంది. నందిది కూడా గ్రానైటే. గుండ్రంగా ఉల్లిపాయ పొరల్లా ఊడటం మాత్రం లోపలి బలం పని కాదు, పైనున్న బరువు తగ్గడం, ఎండ, వాన చేసిన పని.

అగ్నిపర్వతం చూడాలంటే అండమాన్ దగ్గర బారెన్ దీవికి పోవాలి, దేశంలో ఇప్పుడు రగిలేది అదొక్కటే. పాత లావా కావాలంటే 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ లావా ఉంది. పడమట మహారాష్ట్రలో ఎక్కువ భాగం అదే. దాని కొసలు రాజమండ్రి పక్కన కాటేరు క్వారీల్లో కనిపిస్తాయి.

అనంతపురం, కర్నూలు చేలల్లో వజ్రాలు దొరుకుతాయి కదా, అవి అక్కడికి ఎలా వచ్చాయి?

నాకు ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే మాది గుంతకల్లు దగ్గరే. తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వాలిపోతారు. సద్దిమూట కట్టుకుని, కుటుంబాలతో సహా, తలలు వంచుకుని ఎర్రమట్టి మీద వెతుకుతారు. పదేళ్ల వయసులో మామతో నేనూ పోయాను. ఎండ ఏటవాలుగా పడేటప్పుడే చూడాలని మామ చెప్పాడు. మధ్యాహ్నానికి జేబునిండా మెరిసే రాళ్లు. ఊరి పెద్దాయన ఒకటి తీసుకుని వెలుగుకి పెట్టి, ‘పలుగురాళ్లురా అబ్బీ, కోళ్ల గూటి ముందు పరుచు’ అన్నాడు.

వజ్రం పుట్టాలంటే 150 కిలోమీటర్లకు మించిన లోతు కావాలి. అక్కడి నుంచి మామూలుగా మెల్లగా పైకొస్తే ఆ వజ్రం పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్‌గా మారిపోతుంది. వజ్రకరూరు దగ్గర సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట కింబర్లైట్ అనే శిలాద్రవం, వాయువుల ఒత్తిడితో, అసాధారణ వేగంతో పైకి దూసుకొచ్చింది. దారిలో వజ్రాల్ని ఊడబెరుక్కుని తెచ్చింది. పైన గొట్టంలా గట్టిపడిన ఆ రాయి అరిగిపోతుంటే వానకి వజ్రం బయటపడుతుంది. భూమి లోతుల నుంచి ఇంత వేగంగా, ఇంత నేరుగా వచ్చే పార్శిల్ ఇంకొకటి లేదు.

పాపకి పరీక్షలో ముడుత పర్వతాలు, పగులు లోయ వచ్చాయి. మన ఉదాహరణలు చెప్పండి.

పక్కల నుంచి నొక్కితే మడత: హిమాలయాలు, పాతవాటిలో నల్లమల. లాగితే పగిలి మధ్యభాగం కుంగుతుంది: నర్మద లోయ. మనకి బాగా తెలిసినది గోదావరి లోయ. అది గోండ్వానా కాలంలో కుంగింది, అందులో అడవులు, బురద పొరలు పొరలుగా పేరుకున్నాయి. సింగరేణి బొగ్గు అదే. నేల కుంగకపోతే కొత్తగూడెం ఊరే వేరేగా ఉండేది.

తిరుమల ఘాట్ రోడ్డులో ఇంకోటి చూపించండి. కింద పాత గ్రానైట్, మీద పొరల రాయి. రెండింటి మధ్య గీతలో దాదాపు 80 కోట్ల ఏళ్లు మాయమయ్యాయని లెక్క. ఆ కాలంలో పేరుకున్నది ఏదైనా ఉంటే అరిగిపోయింది. కారు ఆపకండి, పోలీసులు ఊరుకోరు. మెల్లగా పోతూ చూడండి.

మా పెన్న పుట్టింది నంది కొండల దగ్గరట. అయినా ఉత్తరానికి పోయి, తిరిగి తూర్పుకి ఎందుకు పోతుంది?

దక్షిణాది నేల మొత్తం పడమట ఎత్తుగా, తూర్పుకి వాలుగా ఉంటుంది. పడమటి తీరం వైపు నేల లేచి కనుమల గోడలా నిలిచింది, అందుకే కృష్ణ, కావేరి అరేబియా సముద్రానికి దగ్గరగా పుట్టి కూడా బంగాళాఖాతం దాకా నడుస్తాయి. పెన్న, పాలారు, దక్షిణ పినాకిని, అర్కావతి నంది చుట్టుపక్కలే పుట్టి వాలునీ, రాళ్లలోని పగుళ్లనీ చూసుకుని తలో దారి పట్టాయి. గండికోట దగ్గర పెన్న రాయిని కోసిన తీరు చూస్తే, లేపేది లోపలి బలమైతే కోసేది నీరని అర్థమవుతుంది.

ఒక రాయి ముక్క ఇంటికి తీసుకెళ్లొచ్చా?

వద్దు. స్మారకం అది, సుత్తి కూడా తేకండి. ఇంట్లోనే రాళ్లున్నాయి. వంటగది అరమరల్లో కడప బండ ఉంటే, మూలన ఒక చుక్క నిమ్మరసం వేసి పది నిమిషాలాగి తుడవండి. తెల్లటి మచ్చ పడుతుంది. అది సున్నపురాయి, అంటే కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగు. స్టవ్ పక్కన నల్ల గ్రానైట్ మీద ఏం కాదు. మచ్చ పడిందని ఇంట్లో తిడితే నా పేరు చెప్పకండి. వాన పడ్డ రోజు మాత్రం బండ మీదికి హవాయి చెప్పులతో రావద్దు, జారుతుంది.